మా ఊళ్లో ఇలా కాదు!

మే నెల. మిట్టమధ్యాహ్నం. ఖమ్మం జిల్లా ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది! పన్నెండు దాటిందంటే బోనకల్ వీధుల్లో కుక్క కూడా కనిపించదు. సెలవులకొచ్చిన పిల్లలు మాత్రం ఇంట్లో ఊరుకుంటారా? వసారాలో చేరతారు. కాజీపేట-విజయవాడ రైలు మార్గంలో ఉన్న ఊరు కదా... అటు నుంచి వచ్చే బండి హైదరాబాద్ మనవణ్ని దించితే, ఇటు నుంచి వచ్చే బండి బెజవాడ మనవరాలిని దించుతుంది. ఇంట్లో పెద్దావిడ ఒకరికి నాయనమ్మ, మరొకరికి అమ్మమ్మ. సుద్దముక్కతో నేల మీద అయిదు అడ్డం, అయిదు నిలువు గడులు గీస్తారు. నాలుగు గవ్వలు తెస్తారు. అష్టాచెమ్మా మొదలు!

పది నిమిషాలు గడవకముందే గొడవా మొదలు.

‘‘తొండి! ఒక్క కాయనూ చంపకుండా లోపలి గళ్లలోకి ఎట్లా పోతావ్ బావా?’’

‘‘మా ఊళ్లో పోవచ్చు.’’

‘‘మా ఊళ్లో ఇలా కాదు!’’

గొడవ పెద్దదై పెద్దావిడ దాకా వెళ్తుంది. ఆవిడ వత్తులు చేసుకుంటూనే తీర్పు చెప్పేస్తుంది. ‘‘మీ ఊళ్ల సంగతి నాకెందుకు? ఈ ఇంట్లో మాత్రం ఒక్క కాయనన్నా చంపాకే లోపలికి. చిన్నోడికి అదేం లేదు. వాడు ఆటలో అరటిపండు.’’

అంతే. ఆట మళ్లీ సాగుతుంది.

బోనకల్‌లోనే కాదు, తెలుగువాళ్లు ఉన్న ఏ ఊళ్లోనైనా, ఏ ఇంట్లోనైనా కనిపించే దృశ్యమే ఇది. ఎవరూ పెద్దగా పట్టించుకోరు కూడా. కానీ ఆ పిల్లల పేచీలో ఓ పెద్ద ప్రశ్న దాగుంది. ఆటలో రూలు మార్చే హక్కు ఎవరిది? ఆటను తయారుచేసినవాళ్లదా... ఆడేవాళ్లదా?

రాసినవాళ్లెవరో!

అష్టాచెమ్మాను ఎవరు కనిపెట్టారు? జవాబు లేదు. దానికి రూల్సు పుస్తకం లేదు, పేటెంటు లేదు. అమ్మమ్మ దగ్గర అమ్మ, అమ్మ దగ్గర పిల్లలు చూసి నేర్చుకున్నారు. అందుకే ఊరు మారితే రూలు మారుతుంది. ఒకచోట గవ్వలు నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, బోర్లా పడితే అష్టా. ఇంకోచోట లెక్క అటూ ఇటూ అవుతుంది. ఒక ఇంట్లో ఎదుటివాళ్ల కాయను చంపితే ఇంకోసారి వేయొచ్చు, పక్కింట్లో వేయకూడదు. గవ్వల్లేకపోతే చింతగింజల్ని ఒకవైపు అరగదీసి వాడేస్తారు. పొలిమేర దాటి కర్ణాటకకు వెళ్తే అదే ఆట చౌకాబారా అయిపోతుంది.

పులి-మేక ఆటా అంతే. మన దగ్గర మూడు పులులు, పదిహేను మేకలు. నేపాల్‌లో ‘బాగ్‌చాల్’ పేరుతో ఆడే దగ్గరి చుట్టం లాంటి ఆటలో పులులు నాలుగు, మేకలు ఇరవై. పటం గీత కూడా వేరు. పులికి బలం ఎక్కువైందనో, మేకలు గెలవడం మరీ తేలికైందనో ఆడేవాళ్లకే అనిపించాలి. అనిపించినప్పుడల్లా ఓ గీత పెంచి, ఓ మేకను తగ్గించి చూసుకుని ఉంటారు. కుదిరింది నిలిచింది. కుదరనిది పోయింది.

ఈ ఆటలే సముద్రం దాటాక కథ మరోలా నడిచింది. మన పచ్చీసును చూసి అల్లుకున్న ఆటకు 1896లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నారు. గవ్వల బదులు పాచిక వచ్చింది. పేరు లూడో. మన వైకుంఠపాళీ 19వ శతాబ్దం చివర్లో అక్కడికి వెళ్లింది. పాపపుణ్యాల పాఠం పలచబడింది. మనవాళ్ల పటాల్లో నిచ్చెనల కంటే పాములే ఎక్కువ ఉండేవి. మంచి దారి కష్టమని చెప్పడం కదా ఉద్దేశం! అక్కడ మాత్రం రానురానూ పాములూ నిచ్చెనలూ సరిసమానమయ్యాయి. అంటే, రూలు మారిస్తే మారేది గెలుపోటములే కాదు. ఆట చెప్పే నీతి కూడా!

అమ్మింది ఒకరు... పెంచింది వందమంది

మధ్యతరగతి ఇళ్లలో ‘బిజినెస్’ ఆట తెలియనిదెవరికి? బొంబాయి కొనడం, ఢిల్లీలో ఇల్లు కట్టడం, నకిలీ నోట్లు లెక్కపెట్టుకోవడం! దాని మూలం అమెరికాలో పుట్టిన మోనోపలీ. నిరుద్యోగంలో ఉన్న చార్లెస్ డారో అనే ఆయన దాన్ని సొంతంగా కనిపెట్టాడని చాలాకాలం ప్రచారం జరిగింది. పార్కర్ బ్రదర్స్ కంపెనీ 1935లో ఆయన దగ్గర దాన్ని కొనుక్కుంది కూడా. అసలు సంగతి తర్వాత బయటపడింది. లిజీ మాగీ అనే ఆవిడ 1904లోనే ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ పేరిట పేటెంటు తీసుకుంది. అద్దెలతో భూస్వాములు ఎలా లాభపడతారో జనానికి చెప్పాలన్నది ఆవిడ ఆలోచన. ఆ ఆట చేతులు మారింది. ఆడేవాళ్లే గుడ్డల మీద, అట్టల మీద పటం గీసుకున్నారు. తమ ఊళ్ల వీధుల పేర్లు పెట్టుకున్నారు. రూల్సు మార్చుకున్నారు. అట్లాంటిక్ సిటీ మిత్రబృందాలు పెట్టుకున్న వీధుల పేర్లే డారో అమ్మిన పటం మీదికి ఎక్కాయి.

అంటే... మొదటి ఆలోచన ఒకరిది. మార్పులు ఎందరివో. డబ్బూ పేరూ మాత్రం ఇంకొకరివి!

ఆ తర్వాతైనా జనం రూల్సు పుస్తకం చూసి బుద్ధిగా ఆడారా? లేదు. జరిమానాల డబ్బు పటం మధ్యలో పెట్టడం, ‘ఫ్రీ పార్కింగ్’ గడిలో పడ్డవాళ్లు దాన్ని ఎగరేసుకుపోవడం అసలు పుస్తకంలో లేనే లేదు. అయినా ఇంటింటా అలాగే ఆడతారు. చివరికి కంపెనీయే దిగొచ్చింది. ఇళ్లలో పుట్టిన రూల్సు మీద జనాభిప్రాయం అడిగి, 2014లో ‘హౌస్ రూల్స్’ పేరుతో ప్రత్యేకంగా ఓ పెట్టె విడుదల చేసింది.

రాక్షసుడొస్తే నువ్వేం చేస్తావ్?

ఈ వాదం బాగా వేడెక్కిన ఆట ఇంకొకటుంది. మన పల్లెలకు అంతగా తెలియని ఆట... పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు సూత్రధారి. మిగతావాళ్లు తలో వేషం... ఒకరు వీరుడు, ఒకరు మాంత్రికుడు. సూత్రధారి కథ చెబుతూ ఆగుతాడు. ‘‘గుహ లోపల గురక వినిపిస్తోంది. ఏం చేస్తావ్?’’ ఆటగాడు చెప్పినదాన్ని బట్టి, పాచికలు పడినదాన్ని బట్టి కథ నడుస్తుంది.

కొత్తగా ఉందా? నిజానికి అంత కొత్తేం కాదు. రాత్రిపూట డాబా మీద అమ్మమ్మ కథ చెబుతుంటే ‘‘నేనైతే ఆ తలుపు తీయను’’ అని మనవడు అడ్డుపడటం, ‘‘అయితే కిటికీలోంచి వచ్చాడు రాక్షసుడు’’ అని అమ్మమ్మ కథ తిప్పడం... అదే ఇది. దానికి కాస్త లెక్కాడొక్కా జోడించారు.

ఈ ఆట పుట్టుకే విచిత్రం. అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో కొందరు కుర్రాళ్లు బొమ్మ సైనికులతో యుద్ధాల ఆట ఆడేవాళ్లు. 1969 ప్రాంతంలో డేవిడ్ వెస్లీ అనే అతను కొత్త ప్రయోగం చేశాడు. బ్రౌన్‌స్టైన్ అనే ఊహా పట్టణాన్ని సృష్టించి, కొందరికి సేనాపతుల బదులు పట్టణంలోని రకరకాల మనుషుల పాత్రలిచ్చాడు. యుద్ధం మొదలవ్వాలి. కానీ ఆటగాళ్లు యుద్ధం మానేసి మూలమూలల్లో గుసగుసలు మొదలెట్టారు. బేరాలాడుకున్నారు, కుట్రలు పన్నారు. గీసుకున్న ప్రణాళికంతా తారుమారైంది. ఆట చెడిందని వెస్లీ బాధపడ్డాడు. ఆడినవాళ్లు మాత్రం ‘మళ్లీ ఎప్పుడు?’ అని వెంటపడ్డారు!

తయారుచేసినవాడికి ఓటమిలా కనిపించింది. ఆడినవాళ్లకు కొత్త ఆట కనిపించింది.

ఒక్క దెబ్బకే చావాలా?

ఆ ఆటగాళ్లలో ఒకడు డేవ్ ఆర్నెసన్. తర్వాత తానే ‘బ్లాక్‌మూర్’ అనే ఊహాలోకాన్ని కట్టి మిత్రులను ఆడించాడు. అక్కడో ఇబ్బంది వచ్చింది. పాత యుద్ధం రూల్సు ప్రకారం ఒక్క దెబ్బ తగిలితే మనిషి పోయినట్టే. వందల బొమ్మ సైనికుల్లో ఒకటి పోతే ఎవరికీ బాధ లేదు. కానీ ఇక్కడ ఒక్కొక్కరికి ఒక్కో వేషం. పేరు పెట్టుకుని, కథ అల్లుకుని, ప్రేమ పెంచుకున్న వేషం. అది ఒక్క పాచికతో పోతే? ఆటగాళ్లు ఒప్పుకోలేదు. దాంతో ఆర్నెసన్ ఓడల యుద్ధం ఆటలోని లెక్కను మనుషులకు తెచ్చాడు. ఒక్కో దెబ్బకు కొంత బలం తగ్గుతుంది, మొత్తం అయిపోయాకే చావు. దానికే ‘హిట్ పాయింట్స్’ అని పేరు.

ఈరోజు మీ అబ్బాయి ఫోన్లో ఆడే పోరాటాల ఆటలో తల మీద తగ్గుతూ కనిపించే బలం గీత ఉంటుంది చూడండి... దాని వేళ్లు అక్కడున్నాయి. ఇష్టపడ్డ వేషం చచ్చిపోతే తట్టుకోలేని కొందరు ఆటగాళ్ల దగ్గర!

ఇంకోసారి ఒక ఆటగాడి రక్తపిశాచి వేషం మరీ బలం పుంజుకుంది. ఎవరూ ఆపలేకపోతున్నారు. దాన్ని కట్టడి చేయడానికి పూజారి పాత్ర పుట్టింది. ‘దొంగ’ పాత్రదీ అలాంటి కథే. కాలిఫోర్నియాలోని ఆటగాళ్లు సొంతంగా తయారుచేసుకున్నారు. ఆ సంగతి ఫోనులో విన్న గ్యారీ గైగాక్స్ దానికి తనదైన రూపమిచ్చి, 1975లో వచ్చిన అనుబంధ పుస్తకంలో చేర్చాడు.

ఈ గైగాక్స్, ఆర్నెసన్ కలిసే 1974లో ఆటను పుస్తకాలుగా తెచ్చారు. తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. నచ్చినట్టు మార్చుకోండి, మీ ఊహను మీరే నడిపించుకోండి అన్నట్టుగా ఉంటుంది ఆ తొలి పుస్తకాల ధోరణి. ఆట పెరిగింది. పోటీలు మొదలయ్యాయి. ఒక ఊరి ఆటగాళ్లు ఇంకో ఊరికి వెళ్లి ఆడాల్సి వచ్చింది. అప్పుడు అదే గైగాక్స్ మాట మార్చాడు. 1970ల చివర్లో తెచ్చిన పెద్ద పుస్తకాల నాటికి అందరూ ఒకే రూలు పాటించాలని గట్టిగా వాదించాడు.

మనిషి ఒక్కడే. ఇంట్లో ఆడేటప్పుడు అమ్మమ్మలా మాట్లాడాడు, పోటీ పెట్టినప్పుడు అంపైరులా మాట్లాడాడు!

కంపెనీ ఓ మాట... జనం ఓ మాట

తర్వాత ఆట కంపెనీల చేతులు మారింది. 2008లో నాలుగో కూర్పు వచ్చింది. చాలా రూల్సు మారిపోయాయి. కొందరికి నచ్చింది. చాలామంది ‘మా ఆట ఇది కాదు’ అన్నారు. వాళ్ల కోసం మరో సంస్థ పాత రూల్సునే మెరుగుపరిచి 2009లో ‘పాత్‌ఫైండర్’ అనే ఆట తెచ్చింది. అది పెద్ద పోటీదారైంది. కంపెనీకి జ్ఞానోదయమైంది. 2012లో అయిదో కూర్పు ముసాయిదాను ముందే జనం చేతిలో పెట్టింది. ఆడి చూడండి, ఏం బాలేదో చెప్పండి అంది. రెండేళ్లపాటు అభిప్రాయాలు తీసుకుని 2014లో విడుదల చేసింది. అది బ్రహ్మాండంగా ఆడింది.

అంతా సర్దుకుందనుకుంటే 2023 జనవరిలో మళ్లీ గొడవ. ఈ ఆట రూల్సు ఆధారంగా ఎవరైనా కొత్త కథలు, పుస్తకాలు రాసుకోవచ్చని 2000లో ఇచ్చిన అనుమతి ఒకటుంది. దాని షరతులను బిగించాలని కంపెనీ చూసింది. విషయం బయటికి పొక్కింది. ఆటగాళ్లు భగ్గుమన్నారు. చందాలు రద్దు చేసుకున్నారు. నెల తిరక్కుండానే కంపెనీ వెనక్కి తగ్గింది. అంతే కాదు, ఆటలోని మూల రూల్సును ఎవరైనా వాడుకునేలా శాశ్వతంగా వదిలేసింది.

యాభై ఏళ్ల చరిత్ర చూస్తే తేలేదొకటే. ఎక్కడ నొప్పి ఉందో తెలిసేది ఆడేవాళ్లకు. మందు ఏమిటో కుదురుగా రాసిపెట్టేది తయారుచేసేవాళ్లు. ఆ మందు మింగాలో ఉమ్మేయాలో తేల్చేది మళ్లీ ఆడేవాళ్లే!

రాత కూడా కావాలి

అయితే అంతా ఆడేవాళ్ల ఇష్టమేనా? అలా అనుకున్నా తప్పే. మన చెడుగుడునే చూడండి. అవుటైనవాళ్లు, ఎదుటి జట్టులో ఒకరు అవుటైతే మళ్లీ బరిలోకి రావడం ‘సంజీవని’ పద్ధతి. జట్టంతా అవుటయ్యేదాకా బయటే కూర్చోవడం ‘గామినీ’. అవుటైనా బరి వదలకుండా పాయింటు మాత్రం ఇచ్చేయడం ‘అమర్’. ఊరికో తీరు, రాష్ట్రానికో పేరు. రెండు ఊళ్ల జట్లు తలపడితే ఆటకంటే ముందు తగువే జరిగేది.

1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది. ఒక పద్ధతి రాసుకున్నారు. ఆ రాత ఉండబట్టే 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో మన మట్టి ఆట పతకాల ఆటైంది. 2014లో ప్రొ కబడ్డీ వచ్చాక టీవీ ప్రేక్షకుల కోసం ఇంకొన్ని మార్పులు. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోసారి వెళ్లినవాడు పాయింటైనా తేవాలి, అవుటైనా అవ్వాలి. కాలక్షేపానికి తావు లేదు. అది ఏ పల్లె బరిలోనో పుట్టిన రూలు కాదు. చూసేవాళ్లకు విసుగు రాకుండా నిర్వాహకులు పెట్టింది. బాగుందని జనమూ ఒప్పుకున్నారు.

ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆడాలంటే రాసిన రూలు కావాలి. అది లేకపోతే బలమున్నవాడిదే మాట. పిల్లల ఆటల్లోనూ అంతే కదా... బ్యాటు ఎవరిదైతే రూలు వాడిదే!

ఫోన్లో అరటిపండు లేదు

మరి ఇప్పుడొచ్చిన చిక్కేమిటి?

2016లో ‘లూడో కింగ్’ ఫోన్లలోకొచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో ఇంటిల్లిపాదీ దాన్నే ఆడారు. అమెరికాలో కొడుకు, హైదరాబాద్‌లో కూతురు, ఊళ్లో అమ్మానాన్న... తలో ఫోనూ పట్టుకుని ఒకే ఆటలో కలిశారు. అది చిన్న మేలు కాదు. ఫోను లేకపోతే ఆ నాలుగు కాయలూ ఒకచోట చేరేవే కావు.

కానీ ఒక్క తేడా గమనించారా? ఫోన్లో పేచీ లేదు. ‘తొండి’ అనే మాటే లేదు. పాచిక వేసేది అదే, లెక్కపెట్టేది అదే, చెల్లదనేదీ అదే. మహా అయితే రెండు మూడు పద్ధతుల్లో ఒకటి ఎంచుకోమంటుంది. అవి కూడా ఎవరో ముందే రాసిపెట్టినవే. ‘మా ఇంట్లో ఇలా ఆడతాం’ అంటే వినే చెవి దానికి లేదు.

పేచీ లేకపోతే మంచిదేగా అనిపిస్తుంది. నిజమే, చెవులకు ప్రశాంతం. అయితే ఆ పేచీలోనే పిల్లలు నేర్చుకునేది చాలా ఉంది. రూలంటే ఆకాశం నుంచి ఊడిపడింది కాదనీ, నలుగురూ కూర్చుని ఒప్పుకుంటే మార్చుకోవచ్చనీ, ఒకసారి ఒప్పుకున్నాక ఓడిపోతున్నా దానికి కట్టుబడాలనీ... ఇవన్నీ ఏ పాఠ్యపుస్తకం చెబుతుంది? ఆట మధ్యలో మాట మార్చినవాణ్ని తర్వాతి ఆటకు ఎవరూ పిలవరు. అంతకుమించిన శిక్ష ఏముంది!

ఇక ‘ఆటలో అరటిపండు’. ఈ రూలు రాసిందెవరు? ఏ కంపెనీ? ఏ సమాఖ్య? ఎవరూ కాదు. ఆడే వయసు రాని తమ్ముడు ఏడుస్తుంటే వదిలేసి ఆడుకోలేక ఎవరో అక్క కనిపెట్టి ఉంటుంది. వాడు అవుటైనా అవుటు కాదు. వాడు గెలిచినా గెలుపు కాదు. కానీ వాడూ ఆటలో ఉన్నాడు. ప్రపంచంలో ఏ ఆట పుస్తకంలో వెతికినా ఇంతకంటే దయగల రూలు దొరుకుతుందా?

రూల్సు తయారుచేసేవాళ్లకు బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటారో తెలియదు. అందుకే వాళ్లు అందరికీ సమానంగా రాస్తారు. అది వాళ్ల ధర్మం. ఆడేవాళ్లకు మాత్రం ఎదురుగా ఉన్నది ఎవరో తెలుసు... కళ్లు సరిగా ఆనని తాతయ్యా, వరసగా మూడు ఆటలు ఓడి మూతి ముడుచుకున్న చెల్లీ, గవ్వలు నోట్లో పెట్టుకునే చిన్నోడూ. అందుకే వాళ్లు చేసే మార్పులు వేరుగా ఉంటాయి. తన వీరుడు ఒక్క దెబ్బకు చచ్చిపోకూడదని పట్టుబట్టిన మినియాపొలిస్ కుర్రాడైనా, తమ్ముణ్ని అరటిపండు చేసిన మన ఊరి అక్కయ్యైనా చేసింది ఒకటే. ఆటను మనుషులకు సరిపోయేలా కుట్టుకున్నారు.

రెడీమేడ్ చొక్కా మంచిదే. అందరికీ దొరుకుతుంది. కానీ చేతులు పొడవైతే మడిచి కుట్టుకునే సూదీదారం ఇంట్లో ఉండాలిగా! పిల్లలకు ఆ సూదీదారం అందకుండా పోకూడదు. దానికి పెద్ద ఖర్చేం అక్కర్లేదు. ఈ సెలవుల్లో ఓ సుద్దముక్క, నాలుగు గవ్వలు లేదా గుప్పెడు చింతగింజలు. మీకు తెలిసిన రూల్సు చెప్పండి. వాళ్లు ఒకటి మారుస్తామంటే ‘ఎందుకు?’ అని అడగండి. సరైన కారణం చెబితే ఒప్పుకోండి. గొడవ పడితే కాసేపు పడనివ్వండి.

అదిగో... బోనకల్ వసారాలో మళ్లీ అరుపులు. ఈసారి బెజవాడ మనవరాలు కొత్త రూలు తెచ్చింది. వరసగా మూడు అష్టాలు పడితే మూడూ చెల్లవట. హైదరాబాద్ బావ ససేమిరా అంటున్నాడు. పెద్దావిడ వత్తుల పళ్లెం పక్కన పెట్టి లేచింది.

‘‘మీరిద్దరూ కూర్చుని ఏదో ఒకటి తేల్చుకోండి. అప్పటిదాకా గవ్వలు నా దగ్గరుంటయ్!’’

రెండు నిమిషాల్లో తేలిపోయింది. రెండు అష్టాలు చెల్లుతాయి, మూడోది చెల్లదు. ఆ రూలు వాళ్లతోపాటే రైలెక్కి ఒకటి హైదరాబాద్‌కూ, మరొకటి బెజవాడకూ వెళ్తుంది. అక్కడ ఇంకెవరో అంటారు...

‘‘మా ఊళ్లో ఇలా కాదు!’’